కుడి చక్రం పిన్ను

ఆ ఏడు దసరా సెలవులకు కొద్ది రోజుల ముందు మా కారు ముందు వైపు నుంచి చప్పుడు రావడం మొదలైంది. స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగినప్పుడల్లా కింద నుంచి ఎవరో సుత్తితో తట్టినట్టు టక్కుమనేది. పద్నాలుగేళ్ళ కారు అది. నా దగ్గరికి వచ్చేటప్పటికే ఇద్దరి చేతులు మారింది. నేను బుచ్చయ్యపేట అవతల ఒక పల్లెలో హైస్కూలు పిల్లలకు ఫిజిక్సు చెబుతాను. ఇల్లు చోడవరంలో. రోజూ బడికి అందులోనే వెళ్ళి వస్తాను కాబట్టి ఆ చప్పుడు దారి పొడుగునా వినాల్సి వచ్చేది.

మాడుగుల రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని పనిచేసే మెకానిక్కుకి చూపించాను. నా ఈడువాడే, యాభై దాటి ఉంటాయి. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. జాకీ వేసి ముందు చక్రాన్ని పైకి లేపాడు. పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. చక్రం కదిలింది. పానా కూడా తియ్యకుండానే లేచి చేతులు తుడుచుకున్నాడు.

"లోయర్ ఆర్మ్ బుష్‌లు సచ్చిపోయేయి మాస్టారు. బాల్ జాయింట్లు కూడా ఆడతన్నాయి. రెండు పక్కలా మార్చీవాలి. ఒక రోజు బండి నా కాడ ఒగ్గేయండి."

లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి. అది బండికి కలిసే చోట రబ్బరు బుష్‌లు ఉంటాయి. చక్రం వైపు కలిసే చోట మన భుజం కీలు లాంటి గుండ్రటి కీలు ఉంటుంది. అదే బాల్ జాయింటు. ఇవన్నీ అప్పటికే ఫోన్లో వీడియోలు చూసి తెలుసుకుని ఉన్నాను. అందుకే ఆయన మాట పూర్తి కాకముందే, "సామాను నేనే తెప్పించుకుంటాను. ఇంటి దగ్గర నేనే వేసుకుంటాను" అన్నాను.

ఆయన నవ్వలేదు, చిన్నబుచ్చుకోనూ లేదు. "సేసుకోవచ్చు మాస్టారు. బుష్‌లు మాత్రం ఇంటి కాడ ఎక్కవు, ఒత్తి ఎక్కించే ప్రెస్సు ఉండాలి. ఆర్మ్‌లు ఇప్పి తెండి, నాను ఎక్కించి ఇస్తాను" అన్నాడు.

నేనే ఎందుకు చెయ్యాలనుకున్నానో తరవాత చాలాసార్లు ఆలోచించాను. ఖర్చుకు వెనకాడి కాదు. స్టాఫ్ రూములో ఒకసారి మాటల మధ్య, మెకానిక్కులు మనల్ని భయపెట్టి పని తెచ్చుకుంటారనీ, ఫిజిక్సు చదివినవాడికి బండి కింద అర్థం కానిది ఏమీ ఉండదనీ అన్నాను. ఎవరూ కాదనలేదు, ఎవరూ నిరూపించమని అడగలేదు. అయినా అన్నాక చేసి చూపించకపోతే నాకు తోచలేదు.

సెలవులు ఇచ్చిన రెండో రోజు పొద్దున్నే ఇంటి ముందు సిమెంటు చేసిన జాగాలో పాత టార్పాలిన్ పరిచి పని మొదలుపెట్టాను. రెండు పక్కలా ఆర్మ్‌లు ఊడదియ్యడానికే సాయంత్రం అయింది. తుప్పు పట్టిన బోల్టులకు నూనె వేసి, నానబెట్టి, పానాకు పైపు తొడిగి మొత్తం బరువు వేసి లాగాను. బాల్ జాయింటు ఎంతకీ ఊడి రాకపోతే గునపంతో ఆర్మ్‌ని కిందికి అదిమి పట్టి, పక్క నుంచి సుత్తితో కొట్టాను. పదో దెబ్బకో పన్నెండో దెబ్బకో ఠప్‌మని విడిపోయింది. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. లోపల ఉన్న మా ఆవిడను కేక వేసి పిలిచి మరీ చూపించాను.

మర్నాడు రెండు ఆర్మ్‌లూ గోనెసంచిలో వేసుకుని స్కూటరు మీద షెడ్డుకి తీసుకెళ్ళాను. మెకానిక్కు ప్రెస్సులో పాత బుష్‌లు తీసి నేను తెప్పించిన కొత్తవి ఎక్కించాడు, కొత్త బాల్ జాయింట్లు బిగించాడు. గంట పట్టింది. వెళ్ళేటప్పుడు ఒక డబ్బాలోంచి రెండు కొత్త స్ప్లిట్ పిన్నులు తీసి, కాగితం ముక్కలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"పాతవి ఎయ్యకండి మాస్టారు, ఇవి ఎయ్యండి. రెండు పక్కలా పిన్ను పడాలి. ఇంకోటి. బుష్ బోల్టులు బండి కిందకి దింపేక గట్టిగా బిగించండి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడిపోద్ది."

"తెలుసు" అన్నాను. పిన్ను సంగతి తెలుసు. రెండోది తెలియదు. రెండింటికీ కలిపి ఒకే మాట అనేశాను. ఇంటికి వెళ్ళేసరికి రెండోది మర్చిపోయాను కూడా.

ఎడమ పక్క ఆ రోజే అయిపోయింది. కుడి పక్క మర్నాటికి మిగిలింది. ఆ రోజు ఎదురింటి పెద్దాయన కుర్చీ తెచ్చుకుని మా గేటు లోపలే కూర్చున్నాడు. ఆయన ఒకప్పుడు తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. కళ్ళజోడు సర్దుకుంటూ ప్రతిదీ అడిగేవాడు.

"అదేటి మాస్టారు, ఆ నట్టుకి గాళ్ళున్నాయి?"

నాకు పాఠం చెప్పే అవకాశం దొరికింది. బాల్ జాయింటు బోల్టుకి అడ్డంగా ఒక చిల్లు ఉంటుందనీ, నట్టు బిగించాక దాని గాడిలోంచి ఆ చిల్లులోకి పిన్ను దూర్చి చివరలు వంచుతారనీ చెప్పాను. బండి అదురుకి ఎంత బిగించిన నట్టయినా మెల్లమెల్లగా వదులవుతుందనీ, పిన్ను ఉంటే తిరగలేదనీ చెప్పాను. పొట్లం విప్పి పిన్ను తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంత ముక్క మీద ఆధారపడి ఉందా బండి? సదువుకున్నోళ్ళు కాబట్టి మీకు తెలుస్తన్నాయి" అని తిరిగి ఇచ్చాడు. మళ్ళీ పొట్లంలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. అంతలో మా ఆవిడ భోజనానికి పిలిచింది. తిని వచ్చి, నట్టు బిగించి ఉండటం చూసి, చక్రం ఎక్కించేశాను.

అంతే జరిగింది. ఇందులో కష్టమైనదీ, అర్థం కానిదీ ఏమీ లేదు. పిన్ను ఎందుకో ఒక మనిషికి వివరంగా చెప్పి, దాన్ని పెట్టడం మర్చిపోయాను.

సాయంత్రం కారు తీసి కొత్తూరు దాకా వెళ్ళి వచ్చాను. చప్పుడు లేదు. టార్పాలిన్ మీద పాత సామాను వరసగా పేర్చి ఫోటో తీసి స్టాఫ్ గ్రూపులోనూ, మా సంఘం గ్రూపులోనూ పెట్టాను. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. సంఘంలో పది మందీ నన్ను మాస్టారూ అని గౌరవిస్తారు. దేవుడు ఇచ్చిన జ్ఞానం అని ఎవరో రాశారు. అది రెండుసార్లు చదువుకున్నాను.

నవంబరు నెలలో ఒక ఆదివారం స్కూటరు సీటు కింద పెట్టె శుభ్రం చేస్తుంటే, ఆ పని రోజుల్లో వేసుకున్న మురికి చొక్కా అందులో దొరికింది. ఉతకడానికి ఇద్దామని జేబులు చూశాను. కాగితం పొట్లం తగిలింది. విప్పితే అందులో ఒక పిన్ను ఉంది, మెరుస్తూ.

ఆయన ఎన్ని ఇచ్చాడు? రెండు. రెండు పక్కలా పడాలి అన్నాడు. ఎడమ పక్క పెట్టిన సంగతి కళ్ళకు కట్టినట్టు గుర్తుంది, చివర వంచుతుంటే వేలు గీసుకుంది కూడా. కుడి పక్క ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

అప్పుడు నేను చెయ్యాల్సింది ఐదు నిమిషాల పని. స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పి, కింద టార్చి వేసి చూస్తే పిన్ను ఉన్నదీ లేనిదీ కనిపిస్తుంది. కారు పది అడుగుల దూరంలో ఉంది. నేను చూడలేదు. ఒకటి ఎక్కువ ఇచ్చి ఉంటాడులే, మెకానిక్కులు లెక్కపెట్టి ఇస్తారా అని అనుకున్నాను. అది నిజమని నేను నమ్మలేదు. చూస్తే పిన్ను ఉండదేమోనని భయం. ఉండకపోతే, ఇన్ని రోజులు ఆ చక్రంతో మనుషుల్ని తిప్పానని నాకు నేను ఒప్పుకోవాలి.

వరండాలోంచి మా ఆవిడ చూసింది. "ఏటండి అది?"

"ఏం లేదు, ఎక్స్‌ట్రా పిన్ను" అని పొట్లాన్ని సామాన్ల పెట్టెలో పడేశాను.

డిసెంబరులో ఒక శనివారం మా అత్తగారి చెల్లెలి ఇంట్లో, మాడుగులలో, కృతజ్ఞత ప్రార్థన కూడిక ఉంటే ముగ్గురం వెళ్ళాం. మా అత్తగారు మా దగ్గరే ఉంటుంది. డెబ్బై ఏళ్ళు. కారులో ముందు సీటు ఆవిడది, వెనక సీట్లో కూర్చుంటే వికారం అంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బయలుదేరాం. చెల్లెలు ఇచ్చిన హల్వా డబ్బా ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

చోడవరం ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు మీద చిన్న గుంట వచ్చింది. ఎదురుగా చెరకు ట్రాక్టరు వస్తున్నదని నేను అప్పటికే వేగం తగ్గించాను. కుడి చక్రం గుంటలో పడి లేచింది. ఠప్‌మని విరిగినట్టు వినబడింది. స్టీరింగు నా చేతుల్లోంచి మెలి తిరిగింది. కారు కుడి వైపు ముక్కు మీద కూలబడి, ఇనుము రోడ్డును గీసుకుంటూ ట్రాక్టరు వైపే పోయింది. ట్రాక్టరు డ్రైవరు బండిని పక్కకి తిప్పేశాడు. మా కారు దాని వెనక ట్రాలీకి జానెడు దూరంలోంచి జారి, చెరకు తోట పక్కన కాలవలో ముక్కు పెట్టి ఆగింది.

మా అత్తగారి మూలుగు వినబడింది. ఆవిడ కుడి మణికట్టు డాష్‌బోర్డుకి కొట్టుకుని వంకరగా వేలాడుతోంది. హల్వా డబ్బా కాళ్ళ దగ్గర దొర్లింది.

ట్రాక్టరు డ్రైవరూ, తోటలో చెరకు కొడుతున్నవాళ్ళూ పరిగెత్తుకొచ్చి మమ్మల్ని పైకి తీశారు. ఒకాయన తన తువ్వాలు ఇచ్చి, దానితో మా అత్తగారి చెయ్యి మెడకు వేలాడగట్టాడు. డ్రైవరు వంగి కుడి చక్రం చూశాడు. చక్రం బయటికి పడుకుని ఉంది, బాల్ జాయింటు ఊడిపోయి ఆర్మ్ కింద వేలాడుతోంది.

"నట్టు నేదు. ఊడిపోనాది" అన్నాడు. నా వైపు తిరిగి, "ఈ పని ఎవులు సేసేరు బాబూ?" అని అడిగాడు.

చుట్టూ ఇరవై మంది ఉన్నారు. మా అత్తగారు చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. ఆ ఒక్క క్షణంలో నేను ఎంత ఆలోచించానో చెప్పలేను. పైకి మాత్రం తడుముకోకుండా వచ్చింది.

"ఆర్మ్‌లు మాడుగుల రోడ్డు షెడ్డులోనే చేయించాను, మొన్న దసరాకి."

ఆ వాక్యంలో అబద్ధం లేదు. బుష్‌లూ బాల్ జాయింట్లూ ఆర్మ్‌లకి బిగించింది ఆయనే. నేను ఏరుకుని ఏరుకుని ఆ నిజాన్నే చెప్పాను. డ్రైవరు తల ఊపి, "ఓర్నాయనో, ఇలాటి పన్లు సేస్తన్నారా" అన్నాడు. పక్కవాళ్ళు ఆ షెడ్డు ఎక్కడో ఒకరికొకరు చెప్పుకున్నారు. మా ఆవిడ వాళ్ళ అమ్మను పట్టుకుని ఉన్నది కాస్తా తలెత్తి నన్ను చూసింది. ఆ పొట్లం ఆవిడకి గుర్తుంది.

మా అత్తగారి చేతికి పిండి కట్టు వేశారు. ట్రాక్టరుతో లాగించి కారును మా ఇంటి ముందుకు తెచ్చారు. షెడ్డులో సరిగ్గా బిగించలేదన్న మాట మాకంటే ముందే ఊళ్ళోకి వచ్చేసింది.

మర్నాడు ఆదివారం. మా చర్చిలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పవచ్చు. పాస్టరు అయ్యగారు నా పేరు పెట్టి పిలిచారు. లేచాను. ప్రమాదం చెప్పాను, ట్రాక్టరు చెప్పాను. "ఒక మనిషి అజాగ్రత్త వల్ల నిన్న మా ముగ్గురి ప్రాణాలూ పోవలసింది. ప్రభువు తన చెయ్యి అడ్డం పెట్టాడు" అన్నాను. ఆమెన్ అన్నారు అందరూ.

ఆడవాళ్ళ వైపు చాప మీద ఆ మెకానిక్కు అప్ప, అంటే వాళ్ళ అక్క, కూర్చుని ఉంది. వాళ్ళ ఇంట్లో చర్చికి వచ్చేది ఆవిడ ఒక్కతే. నేను మాట్లాడేటప్పుడు ఆవిడ అక్కడ ఉందని నాకు తెలుసు. నలుగురైదుగురు ఆవిడ వైపు చూసి చూపు తిప్పుకోవడం కూడా చూశాను. ఆవిడ బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఆరాధన అయ్యాక మా అత్తగారి దగ్గరికి వచ్చి, "నొప్పి తగ్గినాదా పిన్నీ?" అని అడిగి, కట్టు మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది. తరవాతి ఆదివారం రాలేదు.

సోమవారం నేను బడి నుంచి వచ్చేసరికి మెకానిక్కు మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"బండి ఓసారి సూస్తాను మాస్టారు."

కాదనలేకపోయాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, వేలాడుతున్న బాల్ జాయింటు బోల్టును చేత్తో తుడిచి, చిల్లులోకి చూశాడు. జేబులోంచి తీగ ముక్క తీసి దూర్చి ఇవతలికి లాగాడు. తరవాత బుష్‌ల మీద టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"పిన్ను పడలేదు మాస్టారు."

"విరిగి పడిపోయి ఉంటుంది" అన్నాను.

"ఇరిగితే ముక్క బొక్కలోన ఉంటాది. కన్నం అరిగుంటాది. ఇది కొత్తదానిలాగుంది." బుష్‌ల వైపు వేలు చూపించాడు. "బుష్‌లు కూడా గాల్లో ఉండగా బిగించేసేరు. మెలిపడిపోయేయి."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన ఆవిడ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"నాను ఎక్కించింది సరిగ్గా ఉందో నేదో సూసుకుందారని వచ్చేను. బాగానే ఉంది" అని గేటు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు.

ఆయన అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది, ఎదురు అరవడానికైనా వీలుండేది. ఆ రోజే ఆయన వెనక వెళ్ళి చెప్పేయవలసింది. చెప్పలేదు. ఇంకా నెల రోజులు చెప్పలేదు.

ఆ నెల రోజుల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టింది మా అత్తగారి ప్రార్థన. మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన ఆవిడే చేస్తుంది. కట్టు కట్టిన చెయ్యి కంచం పక్కన బల్ల మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అన్నం కోసం వందనాలు చెప్పి, ఆఖరున ఇలా అనేది.

"ప్రభువా, ఆ మెకానిక్కు బాబుని కూడా చెమించు. తెలవక సేసేడు. ఆడి పిల్లల్ని సల్లగా సూడు."

పూటపూటా అదే. తప్పు చేయని మనిషిని ఆవిడ మనస్ఫూర్తిగా క్షమిస్తుంటే నేను పక్కన కూర్చుని ఆమెన్ అనేవాణ్ణి. తరవాత ఆవిడ ఎడమ చేత్తో చెంచా పట్టుకుని, మెతుకులు జారిపోతుంటే మెల్లగా తినేది. కొన్నాళ్ళకు నేను బడిలో పనుందని చెప్పి భోజనం వేళ తప్పించుకోవడం మొదలుపెట్టాను.

క్రిస్మస్ వచ్చి వెళ్ళింది. ఒకరోజు బడికి ఆటోలో వెళుతుంటే, ఎప్పుడూ ఆ షెడ్డులోనే పని చేయించే స్కూలు వ్యాను బస్టాండు దగ్గర వేరే షెడ్డులో జాకీ మీద కనిపించింది. ఆటో డ్రైవరు నన్ను గుర్తుపట్టి, "మీ బండికి అలాగైన కాడ్నించి ఆ వ్యాను ఓనరు షెడ్డు మార్చీసేడు మాస్టారు. పిల్లల్ని తిప్పే బండి కదా" అన్నాడు. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం మా ఆవిడ మొదటిసారి నోరు తెరిచింది. గొంతు పెంచలేదు. "మా అమ్మకి మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా?" అంది.

భోజనానికి కూర్చున్నాం. మా అత్తగారు ప్రార్థన చేసింది. మెకానిక్కు బాబు దగ్గరికి వచ్చేసరికి నేను ఆపలేకపోయాను.

"అత్తా, ఆయన కాదు. నేనే. కుడి చక్రానికి పిన్ను పెట్టలేదు. తరవాత అది జేబులో దొరికింది కూడా. అయినా చూడలేదు."

ఆవిడ కళ్ళు తెరిచింది. నా మొహం చూసింది. తన చేతి గురించి ఒక్క మాట అడగలేదు.

"అయితే ఇన్నాళ్ళూ నా సేత దేవుడి ముందర అబద్ధం సెప్పించేవా బాబూ?" అంది.

ఆ పూట ఆవిడ అన్నం తినలేదు. నేనూ తినలేదు.

జనవరిలో మొదటి ఆదివారం సాక్ష్యాల సమయంలో ఎవరూ పిలవకుండానే లేచాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, పొట్లం సంగతితో సహా. ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు కొంచెం తడబడి పాట నంబరు చెప్పారు. ఆరాధన అయ్యాక ఇద్దరు ముగ్గురు నా చెయ్యి పట్టుకుని, అందరి ముందూ ఒప్పుకోవడం గొప్ప విషయం మాస్టారు అన్నారు. ఆ మెప్పు భరించలేక తొందరగా బయటికి వచ్చేశాను. అప్ప ఆ రోజు కూడా రాలేదు.

చర్చి నుంచి నేరుగా షెడ్డుకి నడిచాను. మెకానిక్కు ఒక ఆటో చక్రానికి గ్రీజు పెడుతున్నాడు. నిలబడి చెప్పాను. తప్పు నాదేనని, రోడ్డు మీద అలా అన్నది నేనేనని, చర్చిలో ఇప్పుడే చెప్పి వస్తున్నానని చెప్పాను. ఆయన పని ఆపకుండా విన్నాడు.

"సర్చిలో ఉన్నోళ్ళు బళ్ళు నా కాడికి తేరు మాస్టారు. బళ్ళు తెచ్చేవోళ్ళు టీ బడ్డీ కాడ ఉంటారు."

అందులో కోపం లేదు. ఆటో నట్లు ఎక్కడున్నాయో చెప్పినట్టు చెప్పాడు. నేను అటు తిరిగాను. షెడ్డుకి ఎదురుగానే బడ్డీ. ఐదారుగురు ఉన్నారు, ఆటోవాళ్ళూ, ఒక ట్రాక్టరు డ్రైవరూ. వెళ్ళి నిలబడ్డాను. ఇస్త్రీ చొక్కాతో, చేతిలో బైబిలుతో వాళ్ళ మధ్య నిలబడి, ఆ చక్రం ఊడింది నా వల్లేనని చెప్పడం చర్చిలో చెప్పడం కంటే చాలా కష్టమైంది. చర్చిలో పాపం అనే మాట ఉంది, దాని వెనక దాక్కోవచ్చు. ఇక్కడ ఉన్నదల్లా నట్టూ పిన్నూ.

"అయితే మాస్టారు, పిన్ను ఎయ్యడం మీరే మర్చిపోయేరా?" అన్నాడు ఒక ఆటో అతను.

"అవును."

"మరి అతగాడి మీద ఎందుకు పెట్టీసేరు?"

"సిగ్గుపడి" అన్నాను. ఎవరో నవ్వారు. ఒకాయన నాకు టీ ఇప్పించాడు. తాగడం కష్టమైంది గానీ తాగాను.

స్కూలు వ్యాను యజమాని ఇంటికి కూడా వెళ్ళాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి అంతా విన్నాడు. "పాపం, మంచోడే. నాకూ తెలుసు. కాని ఇప్పుడు అక్కడ కుదిరిపోయింది మాస్టారు, మళ్ళీ మార్చితే బాగోదు" అన్నాడు. ఆ వ్యాను ఇప్పటికీ వెనక్కి రాలేదు.

మళ్ళీ షెడ్డుకి వెళ్ళి, నా కారు బాగుచేసి పెట్టమని మెకానిక్కుని అడిగాను. అడిగే హక్కు ఉందో లేదో తెలియకుండానే అడిగాను.

"మీ బండి మటుకు నాను ముట్టుకోను మాస్టారు. కోపం నేదు. రేపు ఏటైనా అయితే నా పేరే కదా వచ్చేది" అన్నాడు.

కారును అనకాపల్లి తీసుకెళ్ళి అక్కడ చేయించాను. కింద పడుకుని చూసినతను, "ముందు ఎవరు చేశారండీ ఇది?" అని అడిగాడు. "నేనే" అన్నాను. అతను బండి కింద నుంచి తల బయటికి పెట్టి ఒకసారి చూసి మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

అప్ప మార్చి నెలలో చర్చికి రావడం మొదలుపెట్టింది. మా అత్తగారు పక్కన చోటు చేసి పిలిచింది. నాకు అప్ప నమస్కారం పెడుతుంది, నేనూ పెడతాను. అంతకు మించి మాటలు లేవు. క్షమించమని నేను అడిగాను, సరే బాబూ అంది. ఆ సరేలో ఏముందో నేను అడగలేదు.

కట్టు విప్పాక మా అత్తగారి మణికట్టు పూర్తిగా తిరగలేదు. జడ వేసుకోవడానికి మా ఆవిడ సాయం కావాలి. కారులో మాతో వస్తుంది, ముందు సీట్లోనే కూర్చుంటుంది. ఒక్కటి మాత్రం మారింది. చేతికి ఏమైందని ఎవరైనా అడిగితే ఆవిడ కారులో దెబ్బ తగిలింది అంటుంది. ఎలాగ అని ఇంకా అడిగితే, "మా అల్లుణ్ణి అడుగు" అంటుంది. నన్ను దెప్పడానికి అనదు. ఆ కథ తాను చెప్పాల్సింది కాదని ఆవిడ ఉద్దేశం.

అందుకని నేను చెబుతుంటాను. మొన్న చీడికాడలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, భోజనాల దగ్గర పక్కన కూర్చున్న దూరపు చుట్టం మా అత్తగారి చెయ్యి చూసి అడిగాడు. ఆవిడ నా వైపు చెయ్యి చూపించింది. విస్తట్లో సాంబారు పోస్తున్నారు. మొదటి నుంచీ చెప్పాను, దసరా సెలవుల నుంచి. చెప్పినంతసేపూ నా చెవులు వేడెక్కే ఉన్నాయి. ఇన్నిసార్లు చెప్పినా ఆ వేడి తగ్గలేదు. ఆయన తినడం ఆపి విన్నాడు.

"మా బండికి కూడా అలాటి సప్పుడే వస్తంది" అన్నాడు చివరికి. "ఎవుల కాడికి తీసుకెళ్ళమంటారు?"

మాడుగుల రోడ్డు షెడ్డు ఎక్కడుందో, ఎటు తిరగాలో చెప్పాను. నేను పంపినట్టు మాత్రం ఆయనకి చెప్పొద్దన్నాను.